మినెగిషి గారిని దోచుకున్నవాడు

సకాతా
ఏప్రిల్ 19

గౌరవనీయులైన మినెగిషి సయో గారికి,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం బడికి బయల్దేరుతుంటే ఎదురైంది. మా తపాలా పెట్టెలో కరెంటు బిల్లుకీ పళ్ల డాక్టరు ప్రకటనకీ మధ్య మీ కార్డు ఉంది. "ఉత్తరం అందింది. రిత్సుని ఇంకా గుర్తుపెట్టుకున్నందుకు కృతజ్ఞతలు." ఇంతే. కింద మీ పేరు. సంచి ఒక భుజానికి వేలాడుతుండగా అక్కడే నిలబడిపోయాను.

అమ్మ లోపల్నుంచి, "ఏంటే, కొయ్యబొమ్మలా నిలబడ్డావు? ఎవరైనా పోయారా?" అంది.

"లేదమ్మా. బతికే ఉన్నారు" అన్నాను.

పెద్దవాళ్లకి ఉత్తరం రాసేటప్పుడు ముందు రుతువు గురించి రెండు ముక్కలు రాయాలని మా భాష మాస్టారు చెప్పారు. ఇక్కడ చెర్రీ పూలు ఈ వారమే విచ్చాయి, నిన్నటి గాలికి సగం రాలిపోయాయి కూడా. రుతువు అయింది. ఇక అసలు సంగతి.

జనవరిలో రాసిన ఉత్తరంలో భయంతో నా గురించి ఏమీ చెప్పలేదు. నేను హైస్కూలు రెండో సంవత్సరం. బడి సాహిత్య సంఘంలో ఉన్నాను. సంఘం అంటే ఐదుగురం, వాళ్లలో ఇద్దరు బిస్కెట్ల కోసం వస్తారు. మీ "ఉప్పుగాలి బడి" మూడు భాగాలూ పదేళ్లప్పుడు చదివాను. మూడో భాగం చివర దీవిలో బడి మూసేస్తారు, రిత్సు ఒక్కతే రేవులో నిలబడి ఉంటుంది, ఆఖరి పడవ కనిపిస్తూ ఉంటుంది. అక్కడ పుస్తకం అయిపోతుంది. ఎక్కిందా, లేదా? నా వరకు ఆమె ఇన్నేళ్లుగా అక్కడే నిలబడి ఉంది. మా ఊళ్లో చలికాలం సముద్రం మీంచి మంచు అడ్డంగా కొడుతుంది. అలాంటి రోజుల్లో ఆమె కాళ్లు ఎంత కొంకర్లు పోయి ఉంటాయో అనుకుంటాను.

ఇసొబె పుస్తకాల షాపులో ఏటా అడుగుతాను. "బాబాయ్, నాలుగోది వచ్చిందా?" అంటే, "ఆవిడ పేరు మా కంప్యూటర్లో చచ్చిపోయి చాలాకాలమైందమ్మాయ్" అంటారు. అందుకే మీ పుస్తకం వెనక ఉన్న ప్రచురణకర్తల చిరునామాకి, మీకు అందుతుందనే నమ్మకం లేకుండానే రాశాను.

మీరు ఎందుకు ఆపేశారు? ఇప్పుడు ఏం చేస్తున్నారు? నాకు మీలా రాయాలని ఉంది. మీ వాక్యాలు చాలా బట్టీ పట్టాను.

ఒగాతా హినకో


మత్సుమొతో
మే 6

హినకోకి,

ఇక్కడ కొండల నెత్తిన మంచు అలాగే ఉంది. కింద మళ్లకి నీళ్లు పెట్టారు. ఆ నీళ్లలో మంచుకొండలు తలకిందులుగా కనిపిస్తున్నాయి. మీ మాస్టారికి నా నమస్కారాలు.

ఇసొబె గారు చెప్పింది నిజమే. కాస్త మొరటుగా చెప్పారు, అంతే. కొత్త పుస్తకం వస్తోందంటే షాపువాళ్లు ఆ రచయిత పోయినసారి ఎంత అమ్ముడయ్యారో చూస్తారు. ఐదు కాపీలు దించుకుంటే మూడు అమ్ముడుపోయాయనుకో, రెండో పుస్తకానికి మూడే దించుకుంటారు. అందులో ఒకటి పోతే మూడోదానికి ఒకటి. అమ్ముడుపోనివి పెట్టెల్లో కట్టి వెనక్కి పంపేస్తారు. అలా నాలుగోది వచ్చేసరికి సున్నా అవుతుంది. సున్నా కాపీలు ఎవరు అచ్చేస్తారు?

ఆ మాట చెప్పడానికి నా ఎడిటర్ నివా గారు నన్ను నూడుల్స్ తినడానికి తీసుకెళ్లారు. "ఏంటి విశేషం?" అన్నాను. "ముందు తినండి" అన్నారు. అప్పుడే అర్థమైంది. తినడం మాత్రం పూర్తిచేశాను, బాగున్నాయి. నీ ఉత్తరం నాకు పంపింది కూడా ఆయనే.

మినెగిషి సయో అలా ఆగిపోయింది. రిత్సు పడవ ఎక్కిందో లేదో నాకు తెలియదు. తెలిస్తే నీకు చెప్పేదాన్ని.

ఇప్పుడేం చేస్తున్నానంటావా, రాతకోతల పనులే ఏవో ఉన్నాయి. అమ్మతో ఉంటున్నాను. రోజులు గడుస్తున్నాయి.

ఒక్క మాట. నా వాక్యాలు బట్టీ పట్టడం మానెయ్. రోజూ నువ్వు చూసినదాన్ని ఒక్క వాక్యంలో రాయి. మర్నాడు చదివితే సిగ్గేస్తుంది. వెయ్యాలి కూడా.

మినెగిషి


సకాతా
జులై 3

మినెగిషి గారికి,

వాన, ఉక్క, గోడలకి బూజు. రుతువు అయింది.

ఈ ఉత్తరం ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను. మిమ్మల్ని దోచుకున్నారు.

నా పక్కన కూర్చునే తోనో, హొకారి జిన్ పుస్తకాలు పిచ్చిగా చదువుతాడు. హొకారి మీకు తెలిసే ఉంటాడు, తెలియనివాళ్లు లేరు. "రైలు దిగనివాళ్లు" అని తొమ్మిది భాగాలు వచ్చాయి, పదోది ఈ అక్టోబరులో వస్తుందట. యానిమేషన్ సినిమా తీస్తున్నారు. ముఖం ఎవరూ చూడలేదు, ఎవరో కుర్రాడంటారు. నేను ఇన్నాళ్లూ ముట్టుకోలేదు, అందరూ చదివేది చదవకూడదని నాకొక పొగరు. పోయిన వారం ఒక మధ్యాహ్నం అన్నాల బెల్లు టైములో తోనో ఐదో భాగం నా డబ్బా పక్కన పెట్టి, "ఒక్క అధ్యాయం చదువు, నచ్చకపోతే నా ఆమ్లెట్ నీది" అన్నాడు.

చదివాను. పేజీ తిప్పగానే ఇది ఉంది:

"గుమ్మంలో చెప్పులతోపాటు భయాన్ని కూడా విడిచి రావచ్చనుకుంది. భయం చెప్పులు లేకుండానే లోపలికి వచ్చింది."

పుస్తకం మూసేశాను. మళ్లీ తెరిచాను. ఆ వాక్యం అక్కడే ఉంది. ఇది మీది. రిత్సు మొదటిరోజు బడిలో అడుగుపెట్టేటప్పటిది. ఒక్క అక్షరం మారలేదు.

"ఒక్క వాక్యమే కదా, కలిసిందేమో" అన్నాడు తోనో.

"ఒకటి కలవచ్చు" అన్నాను. ఆమ్లెట్ కూడా తినలేదు. అతని దగ్గర అన్ని భాగాలూ అడిగి తీసుకుని, మీ మూడింటినీ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఇంకా ఉన్నాయి. "ఎవరో ఆమె పేరు పిలిచారు. అది తన పేరేనని గుర్తు రావడానికి కాస్త సమయం పట్టింది." ఇది కూడా మీదే, రెండో భాగంలోది. అతని ఏడో భాగంలో ఉంది. దాదాపు ప్రతి భాగంలోనూ ఏదో ఒకటి దొరికింది.

మీ పుస్తకాలు ఎవరికీ గుర్తులేవనే ధైర్యంతో చేసి ఉంటాడు. నాకు గుర్తున్నాయి. ఏం చేద్దామో చెప్పండి, నేను సిద్ధం.

హినకో


మత్సుమొతో
జులై 15

హినకోకి,

ఎండలు ముదిరాయి. మీ వైపు ఖర్బూజాలు బాగుంటాయట.

నీ ఉత్తరం చదివాను. ఆ సంగతి వదిలెయ్. వాక్యాలు ఒక చోటినుంచి ఇంకో చోటికి పోతూ ఉంటాయి, అదేమంత పెద్ద విషయం కాదు. నాకు ఏ కష్టమూ కలగలేదు. ఎవరితోనూ చెప్పకు, ఎక్కడా రాయకు.

పరీక్షలు బాగా రాయి.

మినెగిషి


సకాతా
సెప్టెంబరు 28

మినెగిషి గారికి,

కోతలు మొదలయ్యాయి. పొలాలమీంచి గడ్డి వాసన బడి మూడో అంతస్తు దాకా వస్తోంది.

మీరు వద్దన్నారు. చాలా రోజులు ఆగాను. కానీ మీ జులై ఉత్తరం ఎన్నిసార్లు చదివినా అది మీ గొంతులా లేదు. భయపడ్డ మనిషి ఉత్తరంలా ఉంది. అంత పెద్ద రచయిత మీద నోరెత్తితే ఎవరు వింటారని ఊరుకున్నారని నాకు తోచింది. మా సంఘం నాయకురాలు కన్నో అక్కతో చెప్పాను. తను ఆఖరి సంవత్సరం, ఎవరికీ భయపడదు.

"ఆవిడ వద్దన్నారా?" అంది.

"అన్నారు."

"పర్సు పోగొట్టుకున్నవాళ్లు కూడా మొహమాటానికి వద్దులెండి అంటారు. అలాగని దొంగని వదిలేస్తామా?"

నిన్న మా బడి పండగ. ఏటా సంఘం పత్రిక అచ్చువేసి బల్ల మీద పెడతాం, ఏటా చాలావరకు ఇంటికి మోసుకుపోతాం. ఈసారి మధ్యాహ్నానికే అయిపోయాయి. మొదటి వ్యాసం నాది. మీ వాక్యం ఎడమవైపు, అతనిది కుడివైపు, అలా రెండు పేజీలు. ఎక్కడా తిట్టలేదు. చివర మాత్రం "ఇలా చేసినవాణ్ని ఏమనాలో పాఠకులే చెప్పండి" అని రాశాను. నా జీవితంలో నేను రాసినది మొదటిసారి నిలబడి చదువుతున్న మనుషుల్ని చూశాను. పత్రిక కూడా పంపుతున్నాను.

కోపం వస్తే తిట్టండి. కానీ ముందు చదవండి.

హినకో


సకాతా
అక్టోబరు 9

మినెగిషి గారికి,

మీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

బడి పండగలో ఎవరో నా రెండు పేజీల్నీ ఫోటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. మొదటిరోజు మా ఊళ్లో నలుగురు చూశారు. మర్నాటికి తోనో వాళ్ల ఒసాకా పెద్దమ్మ ఫోన్ చేసి, "మీ క్లాసు పిల్లేనా?" అని అడిగిందట. ఇప్పుడు ఎంతమంది చూశారో నాకు తెలియదు, ఆ అంకె చూడటం మానేశాను. "మినెగిషికి న్యాయం" అంటూ ఎవరెవరో రాస్తున్నారు. మీ పేరు మళ్లీ వినిపిస్తోందని మొదట గెంతాను. తర్వాత వాళ్లు హొకారి గురించి రాసేవి చదివాను. చేతులు విరగ్గొట్టాలని, బతకకూడదని. నేను అలా రాయలేదు. కానీ అవన్నీ నా రెండు పేజీల కిందే వేలాడుతున్నాయి.

సినిమా వాళ్లు "పరిశీలిస్తున్నాం" అన్నారు. హొకారి నోరు విప్పలేదు. విప్పకపోతే తప్పు ఒప్పుకున్నట్టే అంటోంది కన్నో అక్క.

నిన్న ఇసొబె బాబాయ్ షాపుకి వెళ్లాను. హొకారి కొత్త భాగం వచ్చి వారం కూడా కాలేదు. గుమ్మంలోనే గుట్టలుగా ఉండేది. గుట్ట లేదు. బాబాయ్ నేలమీద కూర్చుని అట్టపెట్టెలకి తాడు కడుతున్నారు.

"ఏం చేస్తున్నారు బాబాయ్?"

"ఏముంది, వెనక్కి పంపుతున్నా. దొంగసొత్తు నా షాపులో ఎందుకు? బాగా రాశావమ్మాయ్. మీ అమ్మ అదృష్టవంతురాలు."

మెచ్చుకున్నారు. నాకు సంతోషం కలగాలి. కానీ ఆయన మోకాలితో పెట్టెని నొక్కి తాడు బిగిస్తుంటే, మీరు మేలో రాసిన పెట్టెల సంగతి గుర్తొచ్చింది. దేశమంతా ఇలా ఎన్ని షాపుల్లో కడుతున్నారో.

మీకు న్యాయం జరిగిందా? ఒక్క ముక్క రాయండి. నాకు భయంగా ఉంది.

హినకో


మత్సుమొతో
అక్టోబరు 14

హినకో,

రుతువు గురించి రాయను. కూర్చుని చదువు.

హొకారి జిన్ నేనే.

నిన్ను మోసం చేయడానికి దాచలేదు. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి ఉన్నాను, ఆ మాట ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. మొదట్నుంచీ చెప్తాను.

ఇరవై నాలుగేళ్లకి కొత్త రచయితల బహుమతి వచ్చింది. మినెగిషి సయో అలా పుట్టింది. మూడు పుస్తకాల్లో పోయింది, ఎలా పోయిందో నీకు రాశాను. రాయనిది ఏమిటంటే, కొన్నాళ్ల తర్వాత నివా గారు వేరే ప్రచురణ సంస్థకి మారి (నీ మొదటి ఉత్తరాన్ని పాత సంస్థవాళ్లే ఆయనకి పంపారు), నన్ను మళ్లీ అదే నూడుల్స్ షాపుకి తీసుకెళ్లారు. ఈసారి తినకముందే చెప్పారు.

"మీరు బాగానే రాస్తారు. మీ పేరే అమ్ముడుపోదు. ఆ పేరు మీద ఏం పంపినా షాపులు ఒక్క కాపీ కూడా దించుకోవు. మినెగిషి గారిని పూర్తిగా పోనివ్వండి. కొత్త పేరుతో రండి, కొత్తగా పుట్టినట్టే."

మా వృత్తిలో ఇది వింత కాదు, చాలామంది చేసేదే. పాత పేరు అమ్మకాల అంకెలు కొత్త పేరుకి అంటుకోవు. కాకపోతే రెండూ ఒకటేనని తెలిస్తే అంటుకుంటాయి. అందుకే మగపేరు పెట్టుకున్నాం, ఊరు చెప్పలేదు, ఫోటో ఇవ్వలేదు. మా అమ్మకి కూడా చెప్పలేదు, తను పక్కింటావిడతో అననిది ఏదీ లేదు. నేను ఎవరివో అచ్చుతప్పులు దిద్దుతూ బతుకుతున్నానని అనుకుంటుంది. ఆవిడకి హొకారి అంటే ప్రాణం. "చూడవే, ఈ కుర్రాడు ఎంత చక్కగా రాస్తాడో. నువ్వూ ఇలా రాసి ఉంటే నిలబడేదానివి" అంటుంది. నేను "అవునమ్మా" అంటూ ముల్లంగి తరుగుతాను.

ఇక ఆ వాక్యాలు. వెనక్కి వచ్చిన నా పుస్తకాలన్నీ కాగితపు గుజ్జు చేసే మిల్లుకి వెళ్లాయి. వాటిలో నాకు బాగా ఇష్టమైన వాక్యాలు కొన్ని ఉన్నాయి. అవి కూడా గుజ్జయిపోవడం నా వల్ల కాలేదు. ఒక్కొక్కదాన్నే తెచ్చి హొకారి పుస్తకాల్లో పెట్టాను. ఎవరికీ తెలియదులే అనుకున్నానని చెబితే సగమే నిజం. ఎవరైనా గుర్తుపడతారేమోనని కూడా పెట్టాను. లక్షలమంది చదివారు. ఒక్కరూ గుర్తుపట్టలేదు. జులైలో నీ ఉత్తరం తెరిచి, నా రెండు వాక్యాలూ నీ చేతిరాతలో చూసి ఏడ్చాను. సంతోషం పట్టలేక. ఆ తర్వాతే "దోచుకున్నారు" అన్న మాట నేను చేసిన పనికే పెట్టావని తెలిసింది. అప్పుడు ఖర్బూజాల గురించి రాశాను.

ఇప్పుడు పదో భాగం పెట్టెల్లో తిరిగి వస్తోంది. ఇలాగే సాగితే హొకారి కూడా మినెగిషి వెళ్లిన దారినే వెళ్తాడు. నివా గారు ఒక ఉపాయం చెప్పారు. మినెగిషి సయో పేరుతో నేనొక ప్రకటన రాయాలి, "హొకారి గారు నా వాక్యాల్ని నా అనుమతితోనే వాడుకున్నారు" అని. "అందులో అబద్ధం ఏముంది?" అంటారు ఆయన. నిజమే, ఏమీ లేదు. అయినా చెయ్యి రావడం లేదు. తేల్చుకునే దాకా ఇది నీ దగ్గరే ఉంచు.

నీ వ్యాసం చదివాను. బాగా రాశావు. అది కూడా చెప్పాలి కదా.

మినెగిషి


సకాతా
అక్టోబరు 18

మినెగిషి గారికి,

మొదట "హొకారి జిన్ నేనే" అన్న వాక్యం దాకా చదివి ఆగిపోయాను. ఇంకెవరైనా ఆటపట్టిస్తున్నారేమోనని కవరు తిప్పి చూశాను. మీ చేతిరాతే. చివరిదాకా చదివాక మళ్లీ ఆ వాక్యం దగ్గరికి వెళ్లాను. అది మారలేదు.

అన్నం ముందు కూర్చున్నాను కానీ మెతుకు దిగలేదు. అమ్మ చాప్‌స్టిక్స్ కింద పెట్టి, "ఎవరే వాడు?" అంది.

"వాడు కాదమ్మా, ఆవిడ" అన్నాను. అమ్మకి ఇంకా కంగారు ఎక్కువైంది.

నేను ఒక మనిషిని వెనకేసుకొస్తున్నాననుకుని ఆ మనిషినే కొట్టాను. ఇలాంటిది ఎక్కడా చదవలేదు. చదివి ఉంటే నమ్మేదాన్ని కాదు.

మర్నాడు కన్నో అక్క దగ్గరికి వెళ్లి, మనం రాసింది తప్పని చెప్పాను.

"ఏది తప్పు? వాక్యాలు కలవలేదా?"

"కలిశాయి."

"మరి?"

"చెప్పలేను అక్కా."

తను నన్ను కిందికీ పైకీ చూసింది. "ఎంతిచ్చారేంటి?" అంది. నవ్వుతూనే అంది. కానీ మిగతా వాళ్లు నవ్వలేదు. తోనో ఒక్కడే, "ఆమ్లెట్ ఇస్తే కూడా పలకని మనిషి ఇది, డబ్బుకి లొంగుతుందా?" అన్నాడు. నిన్న తప్పయిందని ఒక కాగితం మీద రాసి బడి నోటీసు బోర్డుకి పెట్టాను. కారణం రాయలేదు కాబట్టి ఎవరూ నమ్మలేదు. సాయంత్రానికి దాని మీద ఎవరో "అమ్ముడుపోయింది" అని గీశారు.

మీరు రహస్యం ఉంచమన్నారు, ఉంచుతున్నాను. కానీ ఒక మాట రాయకపోతే ఈ ఉత్తరం కూడా ఖర్బూజాల ఉత్తరం అవుతుంది. నాకు మీ మీద కోపంగా ఉంది. చెప్పిన మాట వినకపోవడం నా తప్పు, అది ఎప్పటికీ నాదే. కానీ జులైలో మీరు "అది నేనే" అని రెండు మాటలు రాసి ఉంటే నా ప్రాణం పోయినా ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ఎవరైనా గుర్తుపట్టాలని ఏళ్ల తరబడి కోరుకున్నారు. గుర్తుపట్టిన మనిషికి తలుపు తీయలేదు.

నివా గారి ఉపాయం వద్దు. మినెగిషి గారు అనుమతి ఇచ్చారంటే ఆవిడ ఎక్కడో వేరే మనిషి అని అందరూ నమ్ముతారు. మీ చేతులతోనే ఆవిడని రెండోసారి మిల్లుకి పంపినట్టు. నా మాటకి విలువ లేదని తెలుసు. అయినా రాస్తున్నాను.

హినకో


మత్సుమొతో
అక్టోబరు 30

హినకోకి,

కొండల మీద మళ్లీ మంచు పడింది. వాకిట్లో పండిన పెర్సిమన్ పళ్లని పిట్టలు మాకంటే ముందే తింటున్నాయి.

నీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. రెండు రోజులు జవాబు రాయకుండా ఇంట్లో గిన్నెలు తోముతూ తిరిగాను. తర్వాత నివా గారికి ఫోన్ చేశాను.

"ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను" అన్నాను.

ఆయన వరసగా చెప్పుకుపోయారు. "పాత అంకెలు ఈ పేరుకి అంటుకుంటాయి, తెలుసు కదా. ఇన్నేళ్లూ మనల్ని మోసం చేసిందని పాఠకులు అనవచ్చు. పదకొండో భాగం నేను అచ్చువేయించలేకపోవచ్చు. మిమ్మల్ని మూడోసారి నూడుల్స్‌కి తీసుకెళ్లే ఓపిక నాకు లేదు."

"ఈసారి నేను తీసుకెళ్తాను" అన్నాను.

నవంబరు 3, సెలవురోజు పొద్దున, సంస్థ తరఫున ప్రకటన వస్తుంది. రెండు పేర్లూ ఉంటాయి. ఫోటో కూడా ఇచ్చాను, జుట్టు బాగాలేదు. నీ పేరు ఎక్కడా ఉండదు. నువ్వు దాచినదాన్ని ఇక దాచనక్కర్లేదు.

ముందు అమ్మకి చెప్పాను. టీ చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పాను. అమ్మ కప్పు కింద పెట్టింది.

"అయితే ఆ కుర్రాడు లేడా?" అంది.

"లేడమ్మా."

"వాడికి పెళ్లయిందో లేదో కనుక్కోమని పక్కింటావిడని కూడా అడిగానే" అంది. ఇంకాసేపటికి, "నేను అన్నేసి మాటలంటుంటే అవునమ్మా, అవునమ్మా అంటూ కూర్చున్నావా ఇన్నేళ్లూ?" అంటూ లేచి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం వంట తనే చేసింది. ముల్లంగి తనే తరిగింది.

ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. రెండు పేర్లూ ఒకేసారి పోవచ్చు. పోతే మూడో పేరు నువ్వే పెట్టు, భలే పొగరున్న పేరు పెట్టు.

తలుపు తీయలేదన్నావు. నిజమే.

మినెగిషి సయో
హొకారి జిన్


సకాతా
నవంబరు 4

మినెగిషి గారికి, హొకారి గారికి,

నిన్నటినుంచి ఇక్కడ గాలివాన. రేవులో పడవలన్నీ కట్టేశారు.

నిన్న ప్రకటన రాగానే మొదట తోనో ఫోన్ చేశాడు. "హొకారి అమ్మాయా?" అని అరిచాడు. "నలభై దాటిన అమ్మాయి" అన్నాను. ఆ తర్వాత, "ఐదో భాగంలో నేను ఏడ్చిన చోటు ఒకటుంది. అది ఆవిడ రాసిందా?" అని మెల్లగా అడిగాడు. ఇప్పుడు నా దగ్గరున్న మీ పాత మూడు భాగాలూ అతనికి కావాలట. ఇవ్వనన్నాను. మా ఇంటికొచ్చి కూర్చుని చదువుకోమన్నాను.

కన్నో అక్క గాలివానలోనే మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో నిలబడి నీళ్లు కారుతూ, "ఎంతిచ్చారేంటి అన్నాను కదా" అంది. అమ్మ తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

అందరూ అలా లేరు. ఇంటర్నెట్‌లో సగంమంది ఇప్పుడు మీరూ మీ సంస్థా కలిసి మోసం చేశారంటున్నారు. నా వ్యాసాన్ని తీసిన ఫోటో ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని చూసినవాళ్లందరూ ప్రకటన చూడరు.

అందుకని ఈ సాయంత్రం ఇసొబె బాబాయ్ షాపుకి పరిగెత్తాను. పెట్టెలు ఇంకా ఉన్నాయి, తలుపు పక్కన, తాళ్లు కట్టి, చీటీలు అంటించి. వాటిని పట్టుకెళ్లే వ్యాను నెలకి ఒక్కసారే, రేపు వస్తుంది.

"బాబాయ్, అవి పంపకండి."

"దొంగ అన్నదీ నువ్వే, కాదంటున్నదీ నువ్వే. నా నడుమేమైనా నీ ఆటబొమ్మా?"

పెట్టెలకి అడ్డంగా నిలబడి ఉన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు, ప్రకటనలో మీ ఫోటో మళ్లీ చూశారు. "ఈవిడేనా నువ్వు ఏటా అడిగే ఆవిడ?" అన్నారు. అవునన్నాను.

"చూడమ్మాయ్. కట్టింది నేను. విప్పను. వ్యాను పొద్దున ఎనిమిదింటికి వస్తుంది. ఏడింటికి షట్టరు తీస్తాను. ఈలోగా విప్పుకో, ఎక్కడివక్కడ సర్దు, అవి ఎందుకు కొనాలో కార్డు రాసి పెట్టు. డ్రైవరు వచ్చేసరికి నేలమీద ఏముంటే అవి వెళ్లిపోతాయి. నేను కౌంటర్ దగ్గర పేపరు చదువుకుంటూ ఉంటా, నన్ను పిలవకు."

షాపుల్లో పుస్తకాల గుట్టల మీద చేత్తో రాసిన చిన్న కార్డులు ఉంటాయి కదా, ఇంతకాలం వాటిని చదివేదాన్నే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇంటికొచ్చి చాలా చింపేశాను. పొగడ్తలన్నీ మర్నాడు సిగ్గేసేలా ఉన్నాయి. చివరికి ఇది మిగిలింది: "ఈ రచయితని దొంగ అని రాసింది నేనే. నాది పొరపాటు. మినెగిషి, హొకారి ఇద్దరూ ఒక్కరే. రెండు పేర్లతో రాసినవీ నేను చదివాను. మీరూ చదవండి. ఒగాతా హినకో, హైస్కూలు రెండో సంవత్సరం." నా పూర్తి పేరు చూసి అమ్మ, "అందరూ చూస్తారే" అంది. చూడాలనే అన్నాను.

బస్టాండు దగ్గరి షాపుకీ, స్టేషన్ ఎదురుగా ఉన్నదానికీ ఇంకో రెండు కార్డులు రాశాను. వాళ్లు ఇసొబె బాబాయ్‌లా నాకు తెలిసినవాళ్లు కారు, వెళ్లగొట్టవచ్చు. ముందు ఇది కానివ్వాలి.

పదకొండో భాగం వస్తుందో రాదో నా చేతిలో లేదు. ఒక షాపులో కొన్ని పెట్టెలు నా చేతిలో ఉన్నాయి. సైకిలు మీద వెళ్తే కార్డు తడుస్తుంది కాబట్టి నడిచి వెళ్తాను. కత్తెర తను తెస్తానంది కన్నో అక్క, నా చేతికిస్తే వేళ్లు కోసుకుంటానట. తోనో బరువులు ఎత్తుతాడు. ఆరున్నరకి ముగ్గురం మా వీధి మలుపులో కలుసుకుంటాం, షట్టరు లేచేసరికి దాని ముందు ఉంటాం.

హినకో